గాజు గొట్టంలో గంజి

నాగరత్నమ్మ కొళాయి దగ్గర చెప్పిందని పాలామె చెప్పింది. పాలామె చెప్పిందని మగ్గం పడుగు నూలుకు గంజి పెట్టే ఆడవాళ్లు చెప్పుకున్నారు. కుప్పమ్మ ఇంట్లో తెల్లారేసరికి సారా కాస్తున్నారంట. మాట వీధి చివరికి చేరేలోపల సారా కాస్తా చేతబడి అయింది. వేలెడంత గాజు గొట్టంలో పసుపు నీళ్లు పోసి, నీలం మంట మీద కాస్తూ అత్త ఏదో గొణుక్కుంటుందంట, కోడలు పక్కన పీట మీద కూచుని రెప్ప వేయకుండా చూస్తుందంట. ఆ కోడలు ఎండలోకి రాదంట, పడుగు పట్టదంట, మొహం చూస్తే నిండు జాబిల్లి మాదిరి ఊరిపోయిందంట, అత్త కూచోబెట్టి మేపుతుందంట. అట్లా మేపేది ఎందుకో, ఆ పసుపు నీళ్లు ఎవరి మీద పోసేదానికో, ఎవరికి తోచింది వాళ్లు అన్నారు.

ఈ మాట కుప్పమ్మ చెవిన పడేసరికి నాలుగు రోజులైంది. విని నవ్వుకుంది. అది కోడలి మూత్రమని తెలిస్తే వీధికి సారా కంటే రుచైన కథ దొరుకుతుంది, దానికన్నా ఆ పాడుపేరే మేలు, ఉండనీ అనుకుని ఊరుకుంది.

కుప్పమ్మకు యాభై ఐదేళ్లు. మొగుడు దేవరాజులు పోయి పదేళ్లయింది. నగరిలో ఆ ఇంటి ముందు గదిలో కొడుకు ఏకాంబరానికి రెండు మగ్గాలు, పెరట్లో ఆమెకు రెండు రాగి తొట్లు. పట్టు నూలుకు రంగు వేయడంలో ఆమెది పెట్టింది పేరు. చుట్టుపక్కల పల్లెల నేతగాళ్లు కూడా చీర అంచుకు ఎరుపు కావాలంటే ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. తొట్టిలో నీళ్ల రంగు చూసి నూలు ఎంత తాగిందో చెప్పే కన్ను ఆమెది. ఆ కన్ను మీద ఆమెకు నమ్మకం కాస్త ఎక్కువే.

కోడలు పంకజాక్షికి ఇరవై నాలుగు. మూడేళ్ల కిందట మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. అది పోయిన దుఃఖంలో ఉండగానే కీళ్లు పట్టేశాయి, దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చాయి. ఒకరోజు వీధిలో పడుగు చాపి ఎండలో నిలబడితే ముక్కుకు రెండు పక్కలా బుగ్గల మీద ఎర్రగా కందింది. అమ్మవారు పోసిందని వేపాకు కట్టారు. అమ్మవారు మూడు వారాలైనా పోలేదు, పైగా కాళ్లు ఉబ్బాయి. అప్పుడు ఏకాంబరం మగ్గం ఆపి ఆమెను రాయవేలూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. నలభై రోజులు అక్కడే. జబ్బు పేరు లూపస్ అన్నారు. ఒంటికి కాపలా ఉండాల్సిన కుక్క ఇంట్లో వాళ్లనే కరిచే జబ్బని, ఈ పిల్లకు మూత్రపిండాలను కరిచిందని చెప్పి తెల్ల మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రలకే మొహం గుండ్రమైంది. కుక్క పూర్తిగా పడుకుని రెండేళ్లు లేవకుండా ఉంటేగానీ బిడ్డ మాట తలపెట్టొద్దన్నారు.

రెండేళ్లకు ఇంకో ఆర్నెల్లు కలిపి ఆగారు. ఆగినన్నాళ్లూ పంకజాక్షి ఒక్క మాట అనలేదు. పక్కింటి బాలింతకు కాయం మందు ఇచ్చి వచ్చిన రోజు మాత్రం రెండు పూటలా అన్నం తినకుండా నూలు కండెలు చుడుతూ కూచుంది. కుప్పమ్మ అది చూసింది.

ఎనభై మూడులో మళ్లీ నెల తప్పాక తిరుపతి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ అలివేలమ్మ దగ్గరికి పోయారు. రాయవేలూరులో చదువుకుని వచ్చిన మనిషి, గట్టిది. కాగితాలన్నీ చదివి, మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదని మొదట చెప్పింది. కడుపుతో ఉండే మనిషి మందు మింగకూడదని ఊళ్లో పదిమంది చెప్తారు, మాత్ర ఆగితే జబ్బు లేస్తుంది, జబ్బు లేస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ చేజారతారు, చెప్పిన పదిమందీ అప్పుడు రారు అంది. ఎండ కూడదు, ఉప్పు కూడదు, పదిహేను రోజులకొకసారి వచ్చి చూపించుకోవాలి. ఆ పదిహేను రోజుల నడుమ ఇంట్లో ఒక పని చేయాలి.

ఆ పనే గాజు గొట్టం. పొద్దున పట్టిన మూత్రం గొట్టంలో ముప్పాతిక వంతు పోయాలి. స్పిరిట్ దీపం మీద పైభాగం మరిగించాలి. తెల్లగా మబ్బు కడితే ఆసిటిక్ యాసిడ్ రెండు మూడు చుక్కలు వేయాలి. మబ్బు విడిపోతే భయం లేదు. నిలిచిందంటే కోడిగుడ్డు తెల్లసొన వంటి సత్తువ మూత్రంలో కారిపోతున్నట్టు. ఎంత చిక్కగా నిలిస్తే అంత కారుతున్నట్టు.

చిక్కదనం మాట వినేసరికి కుప్పమ్మ ముందుకు జరిగి కూచుంది. ఆమె జన్మంతా చూసింది అదే. బియ్యం కడిగిన నీళ్ల మాదిరా, పడుగుకు పెట్టే పల్చ గంజి మాదిరా, లుంగీ నూలుకు పెట్టే చిక్క గంజి మాదిరా అని అడిగింది. డాక్టరమ్మ ఒక క్షణం ఆమెను చూసి, ఆ లెక్కే బాగుందని తన కాగితం మీద కూడా అట్లాగే రాసుకుంది. కడిగిన నీళ్లయితే ఈ అమ్మాయికి మామూలే. పల్చ గంజి అయితే మర్నాడు రావాలి. చిక్క గంజి అయితే ఆ పూట బస్సుకే రావాలి.

అప్పటి నుంచి కుప్పమ్మ పొద్దు అదే. కొడుకు లేవకముందే కోడలిని లేపి, దీపం వెలిగించి, గొట్టాన్ని కొయ్య పట్టుతో పట్టుకుని మరిగించేది. రోజూ కడిగిన నీళ్లే. చూశాక పంకజాక్షి ముఖంలోకి చూసి తల ఊపేది. ఆ ఊపుతోనే ఇద్దరికీ ఆ రోజు మొదలయ్యేది.

ఉప్పు లేని కూడు మొదటి వారం పంకజాక్షి గొంతు దిగలేదు. సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని మట్టి నమిలినట్టు నమిలేది. ఎనిమిదో రోజు నుంచి కుప్పమ్మ తన పళ్లెంలో కూడా ఉప్పు మానేసింది. పొయ్యి మీద రెండు కూరలు వండే ఓపిక తనకు లేదని చెప్పింది. రంగు తొట్ల దగ్గర పొద్దంతా నిలబడే మనిషికి ఓపిక లేకపోవడమేమిటో పంకజాక్షికి తెలుసు. ఆ పూట పళ్లెం ఖాళీ చేసింది.

ఏడో నెల మొదట్లో యాసిడ్ సీసా అయిపోయింది. మందుల అంగట్లో ఇచ్చిన చిన్న సీసా అది. ఖాళీ సీసా వాసన చూసిన కుప్పమ్మకు ఇది తనకు తెలిసిన వాసనే అనిపించింది. పట్టు నూలుకు రంగు పట్టించేదానికి పెరట్లో పెద్ద క్యాన్ నిండా ఉన్నది ఇదే యాసిడ్. కాకపోతే తనది ముక్కు పగిలేంత ఘాటు, సీసాలోది చప్పిడి. అంగడివాడు పాలల్లో పోసినట్టు నీళ్లు పోసి అమ్ముతున్నాడని ఆమెకు వెంటనే తట్టింది. ముప్పై ఏళ్లుగా రంగు అమ్మేవాళ్ల మోసాలు కనిపెడుతూ బతికిన మనిషి. కల్తీ సరుకు కోసం తిరుపతి దాకా ఎందుకని సీసా నిండా తన క్యాన్‌లోది పోసుకుంది. కల్తీ లేనిది కదా అని రెండు చుక్కల చోట ఐదారు వేసింది. ఇంకొకటి, రంగు పనిలో ముందు తొట్టిలో యాసిడ్ పోస్తారు, తర్వాత పొయ్యి రాజేస్తారు. చేతికి అలవాటైన వరస అది. ఆ చేయి గొట్టంలో కూడా ముందు యాసిడ్ వేసి, తర్వాత మంట మీద పెట్టసాగింది.

మొదటి రోజే గొట్టం నీళ్లు తేటగా నిలిచాయి. కడిగిన నీళ్ల పాటి మబ్బు కూడా లేదు.

కుప్పమ్మ గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూసింది, తిప్పి చూసింది, కొడుకును లేపి చూపించింది. మర్నాడూ తేటే. వారం రోజులూ తేటే. జబ్బు పోయిందని నోరు తెరిచి అనడానికి భయమేసింది గానీ లోపల అనుకుంది. ఎనిమిదో రోజు ఉట్టి మీది జాడీ దించి చింతకాయ పచ్చడి తీసింది. వేడన్నంలో కలిపి కోడలికి తన చేత్తో ముద్దలు పెట్టింది. నాలుగు నెలల తర్వాత నాలిక మీద ఉప్పు తగిలి పంకజాక్షి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"డాక్టరమ్మకు తెలిస్తే కొడ్తుందత్తా" అంది.

"గొట్టమే సెప్తాండాది గదా. తిను" అంది కుప్పమ్మ.

పదిహేను రోజుల గడువు వచ్చింది. అంతా తేటగా ఉండగా ఏడో నెల మనిషిని పుత్తూరు మీదుగా ఆ బస్సులో కుదిలించి తీసుకుపోవడం దేనికని కుప్పమ్మే ఆపింది. ఏకాంబరం పోదామన్నాడు. అతను మాటలు పొదుపు మనిషి, తల్లి నాలుగు మాటలంటే తను ఒకటి అని ఆగిపోయేవాడు. అప్పుడూ ఆగిపోయాడు.

ఇంకో వారం పోయాక కుప్పమ్మ కోడలి కాళ్లకు కొబ్బరి నూనె రాస్తోంది. మెట్టె వేలి కండలోకి దిగబడి ఉంది. తీద్దామంటే రాలేదు. మోకాటి కింద బొటనవేలితో నొక్కి చూసింది. వేలు తీశాక అక్కడ గుంట పడింది. గుంట పూడలేదు. మెత్తటి పిండిలో దిగబడినట్టు అట్లాగే ఉండిపోయింది. ఎనిమిదో నెల వచ్చే మనిషికి కాళ్లు ఉబ్బడం లోకంలో ఉండేదే, ఏకాంబరం కడుపులో ఉన్నప్పుడు తనకూ ఉబ్బాయి. అట్లా అనుకుంటూనే రెండో కాలు నొక్కింది. అక్కడా గుంటే. పంకజాక్షి రెండు రోజులుగా తల పోటంటూ ఉన్నది కూడా గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున ఆమె ధ్యాసంతా ఆ గుంటల మీదే ఉంది. యాసిడ్ వేయడం మరిచిపోయి గొట్టాన్ని మంట మీద పెట్టింది. నీళ్లు మరిగాయి. మరిగిన చోట తెల్లటి పొర లేచింది, చూస్తుండగా ముద్దలు కట్టింది. అంత చిక్క గంజి ఆమె లుంగీ నూలుకు కూడా పెట్టలేదు. అప్పుడు యాసిడ్ గుర్తొచ్చి సీసా వంచింది. ఐదారు చుక్కలు పడ్డాయి. ఊపి మళ్లీ మంట మీద పెట్టేసరికి ముద్దలు కరిగాయి, తెలుపు పలచబడింది, నీళ్లు తేటకు దగ్గరగా వచ్చాయి.

కుప్పమ్మ దీపం ఆర్పింది. వంటింట్లోకి పోయి కోడిగుడ్డు పగలగొట్టి, తెల్లసొన నీళ్లలో కలిపింది. ఆ నీళ్లు గొట్టంలో పోసి మరిగించింది. తెల్లగా గడ్డ కట్టింది. ఇంకో గొట్టంలో అవే నీళ్లు పోసి, ముందుగా తన క్యాన్‌లోని యాసిడ్ వేసి మరిగించింది. తేటగా నిలబడింది. గుడ్డు ఉన్నదని తన కళ్లకు తెలుసు, గొట్టం లేదంటోంది. మూడు వారాలుగా అదే అబద్ధం తన చేత్తో తనే చెప్పించింది.

కోడలు వాకిట్లో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"చీర మార్సుకో పాపా. బస్సుకు పోతాండాము" అంది కుప్పమ్మ. గొట్టాలు, సీసా రెండూ సంచిలో వేసుకుంది.

బస్సులో ఎండ పడని పక్క కోడలిని కూచోబెట్టి, తను కిటికీకి తువ్వాలు అడ్డం పట్టుకుని పుత్తూరు దాకా నిలబడింది. ఏకాంబరం టికెట్లు తీసుకున్నాడు. తల్లి చెప్పింది విన్నాడు. ఒక్క మాట తిట్టినా ఆమెకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆసుపత్రిలో రక్తపోటు నూటా డెబ్బై ఉంది. డాక్టరమ్మ ఉత్తుత్తి నవ్వులు నవ్వే మనిషి కాదు, ఆ రోజు అసలు నవ్వలేదు. మూడు వారాలు ఎక్కడికి పోయారంది. కుప్పమ్మ సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. ముందు యాసిడ్ వేసింది చెప్పింది, ఐదారు చుక్కలు వేసింది చెప్పింది, చింతకాయ పచ్చడి కూడా చెప్పింది. డాక్టరమ్మ మూత తీసి వాసన చూసి తల వెనక్కి లాక్కుంది. సీసాలో ఇచ్చింది కావాలనే పలచన చేసిన యాసిడ్ అని, ఇంత ఘాటుది పోస్తే మబ్బు కట్టదని, కట్టినా కరిగిపోతుందని చెప్పింది.

"ఎవరు చెప్పారు నీకు ఇట్లా చేయమని?"

"ఎవురూ సెప్పలా తల్లీ. నా తెలివే" అంది కుప్పమ్మ.

డాక్టరమ్మ సీసాకు మూత పెట్టి వెనక్కి ఇచ్చేసింది.

అసలు సంగతి తర్వాత చెప్పింది. జబ్బు మళ్లీ లేచింది. మాత్రలు రెండింతలు చేయాలి, రక్తపోటుకు వేరే మాత్రలు. బిడ్డకు ఇంకా ఏడు నెలలు నిండలేదు, కిలోంబావు ఉంటుందేమో. ఇప్పుడు తీస్తే అట్లాంటి పిల్లలు ఇక్కడ బతకడం అరుదు. తీయకుండా ఉంచితే, ఉంచిన ప్రతి రోజూ తల్లి మూత్రపిండాల మీద బరువే. అవి పూర్తిగా దెబ్బతింటే తర్వాత చేయగలిగింది లేదు, ఫిట్స్ వస్తే మనిషే దక్కదు.

"ఆమెను నిలబెట్టండి. బిడ్డను తీసేయండి" అన్నాడు ఏకాంబరం. ఆ పొద్దు అతను మాట్లాడింది అదే.

పంకజాక్షి గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి వెనక్కి చేయి చాపి అత్త చీర కొంగు పట్టుకుంది. "నువ్వు సెప్పత్తా. నువ్వు సెప్తే ఇంటారు" అంది.

కొడుకు ఒక పక్క, కోడలు ఒక పక్క. ఇద్దరికీ న్యాయం చెప్పే అర్హత తనకు ఈ పొద్దు లేదని కుప్పమ్మకు తెలుసు. అయినా కొంగు పట్టుకున్న చేయి వదలడం లేదు. డాక్టరమ్మను అడిగింది, రోజులు ఎవరైనా ముందుగా చెప్పగలరా అని. ఎవరూ చెప్పలేరు, ఏ రోజుకారోజు చూసుకోవాలంది డాక్టరమ్మ. మందులకు దిగితే కొన్ని రోజులు దొరుకుతాయి. ప్రతి పొద్దూ గొట్టం, రక్తపోటు చూడాలి. పల్చ గంజి దగ్గర ఉన్నన్నాళ్లు ఆగవచ్చు. చిక్క గంజి అయిన రోజు ఇంక అడగడాలుండవు.

కుప్పమ్మ మంచం మీద కూచుని కోడలి మొహం తన వైపు తిప్పుకుంది.

"పొద్దుపొద్దూ నేనే కాస్తా. డాక్టరమ్మ సీసాతోనే కాస్తా. సిక్కబడిన దినం నేనే పోయి సెప్తా. ఆ దినం నువ్వు నన్ను ఆపగూడదు. ఒప్పుకుంటావా?"

పంకజాక్షి ఒప్పుకుంది. ఏకాంబరం బయటికి పోయి వరండాలో నిలబడ్డాడు.

ఆ వార్డులో వాళ్లు ఇరవై మూడు రోజులున్నారు. కుప్పమ్మ మంచం కింద చాప వేసుకుని పడుకునేది. పగలు తడిగుడ్డతో కోడలి కాళ్లు తుడిచి, కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచేది. ఉప్పు లేని గంజి తాగించి, అదే గంజి తను తాగేది. ఏకాంబరం రెండు రోజులు నగరిలో మగ్గం, రెండు రోజులు ఇక్కడ. వచ్చినప్పుడల్లా మంచం పట్టీ మీద కూచుని పెళ్లాం చేతివేళ్లు ఒక్కొక్కటే వంచి చూసేవాడు. వాపు తగ్గిందో లేదో చూస్తున్నానంటాడు. చూడటం అయిపోయాక కూడా చేయి వదిలేవాడు కాదు. పంకజాక్షి కడుపు మీద అతని అరచేయి పెట్టుకునేది. లోపల బిడ్డ తన్నితే అతను ఉలిక్కిపడి చేయి తీసేసేవాడు. వద్దనుకున్న బిడ్డ తనను గుర్తుపట్టిందేమోనన్నట్టు.

ప్రతి పొద్దూ వార్డు కిటికీ దగ్గర కుప్పమ్మ దీపం వెలిగేది. ముందు మరగడం, తర్వాత చుక్కలు. రెండే చుక్కలు. వరస తప్పకుండా నోట్లో చెప్పుకుంటూ కాసేది. మొదటి నాలుగు రోజులు చిక్క గంజికీ పల్చ గంజికీ మధ్య ఊగింది. మాత్రలు పని చేశాక పల్చబడింది. పక్క మంచాల ఆడవాళ్లు కూడా లేచి కూచుని ఏం గంజి అని అడిగేవాళ్లు. పల్చ గంజే అంటే తమ ఇంటి కబురు విన్నట్టు పడుకునేవాళ్లు.

ఇరవై మూడో పొద్దు గొట్టం మీది భాగం మరగ్గానే తెల్లబడింది. రెండు చుక్కలు వేసింది. విడవలేదు. గొట్టాన్ని వంచితే తెలుపు గాజుకు అంటుకుని నెమ్మదిగా జారింది. రాత్రి నుంచి పంకజాక్షికి తల పోటు. కళ్ల ముందు మెరుపులంటోంది.

పంకజాక్షి మంచం మీది నుంచి గొట్టాన్ని చూసింది. అత్త మొహాన్ని చూసింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"అత్తా, మనింటి సీసా సంచిలోనే ఉండాది గదా. ఈ ఒక్క పొద్దుకూ అది పొయ్యి. రెండు దినాలు ఆగితే ఇంకొంచెం కండ పడ్తుంది. నిన్న రేత్రి గూడా తన్నింది."

మంచి యాసిడ్ పారబోసేదానికి మనసు రాక ఇంటికి తీసుకుపోదామని కుప్పమ్మ దాచిన సీసా అది. సంచి మంచం కిందే ఉంది. చేయి చాపితే అందుతుంది. అందులోది ఐదు చుక్కలు పడితే ఈ తెలుపంతా పోతుంది. తను చెప్పిందే నమ్ముతారు. రెండు రోజులు దొరుకుతాయి. కోడలు ఈ మూడేళ్లలో నోరు తెరిచి తనను అడిగింది ఈ బిడ్డ ఒక్కటే. ఐదో నెలలో పోయిన ఆ మొదటి బిడ్డను గుడ్డలో చుట్టి తీసుకుపోయింది కుప్పమ్మే. ఎంత బరువుందో ఆమె చేతులకింకా తెలుసు.

"ఒకసారి తెలియక పోస్తిని పాపా" అంది. "తెలిసి పొయ్యలేను."

పంకజాక్షి ఆపలేదు. మాట ఇచ్చింది కాబట్టి కళ్లు మూసుకుంది. కుప్పమ్మ దీపం ఆర్పకుండానే, గొట్టాన్ని నిలువుగా పట్టుకుని, లోపలి తెలుపు కదలకుండా నీళ్ల బిందె మోసే దాని మాదిరి నడుస్తూ డాక్టరమ్మ గదికి పోయింది. వరండా పొడుగునా ఆ గొట్టం తప్ప ఇంకేమీ చూడలేదు.

మధ్యాహ్నానికి ఆపరేషన్ చేశారు. రక్తపోటు అదుపులో లేనందున బిడ్డను తీసి, ఇంక పిల్లలు పుట్టకుండా చేసే పని కూడా పెట్టుకోకుండా కుట్లు వేసి బయటికి తెచ్చారు. ఆడపిల్ల. కిలోన్నర మీద కాస్త. ఏడవడానికి కూడా ఆలోచించి, కాసేపాగి ఏడ్చింది. దూది పొరల్లో చుట్టి, బల్బులు వెలిగే పెట్టెలో పెట్టారు. పంకజాక్షి రెండు రోజులు మగతలో ఉంది. మూడో రోజు కళ్లు తెరిచి నీళ్లడిగింది. ఆ మూడు రోజులూ కుప్పమ్మ ఒక కాలు పెట్టె దగ్గర, ఒక కాలు మంచం దగ్గర అన్నట్టు తిరిగింది. ఎవరి దగ్గరున్నా రెండో మనిషి మీదే ధ్యాస.

బిడ్డకు చుక్కచుక్కగా పాలు పోశారు. వారానికి చీకడం నేర్చింది. తల్లికి పది రోజులు గొట్టంలో పల్చ గంజి నిలిచింది, ఆ తర్వాత కడిగిన నీళ్లకు దిగింది. ఆ పొద్దు కుప్పమ్మ గొట్టాన్ని పంకజాక్షి చేతికే ఇచ్చింది, నువ్వే సూసుకో అని. పంకజాక్షి వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, గొట్టాన్ని తిరిగివ్వకుండా అత్త అరచేతిని తెచ్చి తన చెంపకు ఆనించుకుంది. రంగులతో ఎప్పటికీ ఎర్రగా ఉండే అరచేయి అది. ఆ రోజు ఆసుపత్రి సబ్బు వాసన వేసింది.

నెల రోజుల తర్వాత ఇంటికి పంపారు. మూత్రపిండాలు పూర్తిగా పోలేదు, కొంచెం దెబ్బ తిన్నాయి, మాత్రలు ఏళ్ల తరబడి ఉంటాయి, ఉప్పు సంగతి అట్లాగే అని డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. బిడ్డ రెండు కిలోలయింది. పాత మెత్తటి నూలు చీర ముక్కలో చుట్టి కుప్పమ్మ ఒళ్లో పెట్టుకుంది. కొత్తగా పక్క మంచానికి వచ్చిన రేణిగుంట ఆమెకు ముందు మరగడం, తర్వాత చుక్కలు అని పాఠం చెప్తోంది. అంగట్లో యాసిడ్ పలచగా ఉందని కొత్తది వెతక్కూడదని, తన తప్పు తనే చెప్పి నవ్వించింది. పంకజాక్షి జడ వేసుకుంటూ వింటోంది. ఏకాంబరం నేల మీద చాప చుట్టి, మూటకు తాడు బిగిస్తున్నాడు.

కుప్పమ్మకు ఆ పొద్దు ఒళ్లు తేలిగ్గా ఉంది. బిడ్డ ముక్కు కొన మీద వేలు పెట్టి కోడలి వైపు తిరిగింది.

"మలిసారికి ఇంత బెదురుండదులే పాపా. మొదుటి దినం నుంచీ డాక్టరమ్మ సీసానే. పని నేర్సినా గదా నేను. దీనికి తోడు ఇంగొకటి పుట్టేదాకా ఈ గొట్టాలు జాగ్రత్తగా దాస్తా."

ఏకాంబరం తాడు ముడి వేయడం ఆపలేదు, తలెత్తలేదు.

"మలిసారి లేదుమా. పోయిన బేస్తవారం నేను ఆపరేషన్ చేయించుకునేసినా."